విండోస్ ల్యాప్‌టాప్‌లో లినక్స్: డ్యూయల్ బూట్ ఎవరికి, వేరే దారి ఎవరికి?

ఇంజనీరింగ్ రెండో ఏడాదికి వచ్చేసరికి వడ్డేశ్వరం, కానూరు, వడ్లమూడి, చౌడవరం కాలేజీల పిల్లల్లో చాలామందికి ఒకే కోరిక పుడుతుంది: విండోస్ అలాగే ఉండాలి, పక్కన ఉబుంటు అనే లినక్స్ కూడా కావాలి. ల్యాబులో సార్ లినక్స్ వాడమన్నారు. సీనియర్ ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల (ఓఎస్‌ల) పేర్లతో మెనూ వచ్చింది. తమకూ అదే కావాలి. విజయవాడ గవర్నర్‌పేటలోనో, గుంటూరు అరండల్‌పేటలోనో షాపుకు తీసుకెళితే డబ్బు తీసుకుని వేసిస్తారు. ఎందుకు కావాలని మాత్రం ఎవరూ అడగరు.

అడగాలి. రెండు ఓఎస్‌లూ వాడుకోవడానికి, ఆన్ చేసేటప్పుడు ఏదో ఒకటి ఎంచుకునే ఈ డ్యూయల్ బూట్ ఒక్కటే దారి కాదు. విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యుఎస్‌ఎల్ ఉంది. విండోస్‌లో ఒక కిటికీలో వేరే కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్ ఉంది. రెండో ఎస్‌ఎస్‌డీలోనో, బయట తగిలించే ఎస్‌ఎస్‌డీలోనో లినక్స్ వేసుకోవచ్చు. వీటిలో ఏది ఎంచుకున్నా లినక్స్ లినక్సే. తేడా అంతా మీ పని నడిచే తీరులోనూ, ఏదైనా తేడా వస్తే పోయేదేమిటన్నదానిలోనూ ఉంది.

నన్ను ఎవరు సలహా అడిగినా మొదట తెలుసుకోవాలనుకునేది ఒక్కటే: రోజులో ఎన్నిసార్లు ఒక ఓఎస్ నుంచి రెండోదానికి మారాల్సి వస్తుంది? డ్యూయల్ బూట్‌లో ఒక సమయంలో ఒకే ఓఎస్ నడుస్తుంది. మారాలంటే తెరిచినవన్నీ మూసి, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, మెనూలో రెండోది ఎంచుకుని, మళ్లీ అన్నీ తెరుచుకోవాలి. వర్డ్‌లో ల్యాబ్ రికార్డు రాస్తూ మధ్యమధ్యలో ప్రోగ్రాం నడిపి అవుట్‌పుట్ అతికించేవారికి ఇది నరకం. పదిహేను నిమిషాల పనికి రెండు రీస్టార్ట్‌లు ఎవరూ చేయరు. వారం తిరిగేసరికి విండోస్‌లోనే ఉండిపోతారు, లినక్స్‌కు కేటాయించిన వంద జీబీ వృథాగా పడి ఉంటుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా లినక్స్‌లోనే కూర్చుని, వారానికోసారి ఆటకో ఆన్‌లైన్ పరీక్షకో విండోస్ తెరిచేవారికి మాత్రం డ్యూయల్ బూట్ హాయిగా సరిపోతుంది.

చాలామంది విద్యార్థులకు డబ్ల్యుఎస్‌ఎల్ చాలు

సీ ప్రోగ్రామింగ్, పైథాన్, ఓఎస్ ల్యాబు షెల్ స్క్రిప్టులు, గిట్, వెబ్ డెవలప్‌మెంట్, డాకర్. రెండో, మూడో సంవత్సరాల సిలబస్‌లో లినక్స్ అవసరం దాదాపు ఇంతే. దీనికి డిస్కును విడగొట్టనక్కర్లేదు. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఒక్క ఆదేశం ఇస్తే ఉబుంటు దిగుతుంది. విండోస్ హోమ్ ఎడిషన్‌లో కూడా పనిచేస్తుంది. విండోస్ లేవకముందే తెరిచే బయోస్ సెట్టింగుల్లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉండాలన్నదే ముఖ్యమైన షరతు. 2016లో మొదలైనప్పుడు ఇది పరిమితంగా పనిచేసేది. 2019లో ప్రకటించిన రెండో వెర్షన్ నుంచి లోపల నిజమైన లినక్స్ కెర్నెలే (ఓఎస్ గుండెకాయ) నడుస్తోంది. విండోస్ 11లో లినక్స్ గ్రాఫికల్ అప్లికేషన్లు కూడా మామూలు కిటికీల్లాగే తెరుచుకుంటాయి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే, దానితో లెక్కలు చేయించే కుడా కూడా నడుస్తుంది. మెషీన్ లెర్నింగ్ మొదలుపెట్టే విద్యార్థి డ్యూయల్ బూట్ కోసం పరుగెత్తే ముందు ఈ మాట తెలుసుకోవాలి.

రెండు జాగ్రత్తలు చెప్పి తీరాలి. మొదటిది ర్యామ్. మార్చకుండా వదిలేస్తే డబ్ల్యుఎస్‌ఎల్ మొత్తం ర్యామ్‌లో సగం దాకా వాడుకోగలదు. ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్, కోడ్ ఎడిటర్, డాకర్ మూడూ తెరిస్తే ఊపిరాడదు. సెట్టింగుల ఫైలులో పరిమితి పెట్టుకోవచ్చు. కొత్తది కొనేవారైతే పదహారు జీబీకి తగ్గొద్దు. రెండోది ఫైళ్లు ఎక్కడ పెట్టారన్నది. ప్రాజెక్టును సీ డ్రైవ్‌లో ఉంచి లినక్స్ వైపు నుంచి నడిపితే నత్తనడక నడుస్తుంది. అదే ప్రాజెక్టును లినక్స్ హోమ్ ఫోల్డర్‌లో పెడితే వేగం పుంజుకుంటుంది. "డబ్ల్యుఎస్‌ఎల్ స్లో" అని ఫిర్యాదు చేసేవారిలో చాలామంది సమస్య ఇదే.

ఇది సరిపోని చోట్లూ ఉన్నాయి. యూఎస్‌బీ పరికరాలు నేరుగా అందవు, అదనపు సాఫ్ట్‌వేరుతో తగిలించాలి. ఆర్డుయినో, రోబోటిక్స్ బోర్డులతో రోజూ కుస్తీ పడేవారికి అది విసుగు పుట్టిస్తుంది. కెర్నెల్ మాడ్యూళ్లు రాసి నేర్చుకోవాలన్నా, వైఫై కార్డును పూర్తిగా తమ అదుపులోకి తీసుకోవాలన్నా అసలైన లినక్సే కావాలి.

వర్చువల్ మెషీన్: పాడు చేసి నేర్చుకునేవారికి

వర్చువల్‌బాక్స్ ఉచితం. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నుంచి ఉచితంగానే దొరుకుతోంది. లినక్స్ డెస్క్‌టాప్ ఎలా ఉంటుందో చూడాలన్నా, నెట్‌వర్కింగ్ ల్యాబులో రెండు మూడు యంత్రాలు కలిపి ప్రయోగం చేయాలన్నా ఇంతకు మించిన సాధనం లేదు. ప్రయోగానికి ముందు స్నాప్‌షాట్ తీసి పెట్టుకుంటే ఎంత పాడు చేసినా క్షణంలో వెనక్కి వెళ్లిపోవచ్చు. నేర్చుకునేవారికి అది ఇచ్చే ధైర్యం చాలా విలువైనది. గ్రాఫిక్స్ కార్డు శక్తి మాత్రం లోపలికి సరిగా అందదు, ర్యామ్ రెండుగా చీలుతుంది. రోజంతా అందులోనే పని చేయాలనుకుంటే అసౌకర్యమే.

ఇక్కడ కాలీ లినక్స్ గురించి చెప్పాలి. సైబర్ సెక్యూరిటీ మీద మోజుతో దాన్నే డ్యూయల్ బూట్‌గా వేయించుకునే పిల్లలు చాలామంది. లినక్స్‌కు కొత్తవారికి, రోజువారీ డెస్క్‌టాప్‌గా వాడాలనుకునేవారికి అది తగదని కాలీ తయారీదారులే చెబుతారు. భద్రతా పరీక్షల కోసం ప్రత్యేకంగా కూర్చిన ఓఎస్ అది. వర్చువల్ మెషీన్‌లో వేసుకోండి, సిద్ధంగా ఉన్న ఇమేజ్‌లను వాళ్లే ఇస్తారు. రోజువారీ డెస్క్‌టాప్‌గా మాత్రం వద్దు.

డ్యూయల్ బూట్ నిజంగా ఎవరికి?

ఎన్విడియా కార్డు మీద గంటల తరబడి మోడళ్లు ట్రైన్ చేసి, ఉన్న ర్యామ్ అంతా దానికే కావాలనుకునేవారికి. రోబోటిక్స్, ఎంబెడెడ్, కెర్నెల్ పనుల వారికి. లినక్స్‌ను ఇల్లులా చేసుకుని, ఆన్‌లైన్ పరీక్షకో ఆటకో విండోస్ ఉంచుకోవాలనుకునేవారికి. చివరి మాట తేలికగా తీసుకోవద్దు. క్యాంపస్ నియామకాల ఆన్‌లైన్ పరీక్షల్లో కెమెరా ద్వారా గమనించే సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా విండోస్‌నే కోరతాయి. వర్చువల్ మెషీన్‌లో నడుస్తున్నట్లు కనిపెడితే తెరుచుకోనివీ ఉంటాయి. అందుకే నాలుగో ఏడాది విద్యార్థి విండోస్‌ను పూర్తిగా తీసేయడం నాకు నచ్చదు. నియామకాలు నడుస్తున్న నెలల్లో కొత్తగా డ్యూయల్ బూట్ పెట్టుకోవడం అంతకంటే నచ్చదు. సెలవుల్లో పెట్టుకోండి.

ఒకే డిస్కా, రెండు డిస్కులా?

డ్యూయల్ బూట్ తప్పదని తేలాక అసలు ఎంపిక ఇక్కడ ఉంది. షాపుల్లో దీని గురించి మాట్లాడడం అరుదు. ఒకే డిస్కులో రెండు ఓఎస్‌లు ఉంటే ఈఎఫ్‌ఐ పార్టిషన్ అనే చిన్న భాగాన్ని రెండూ పంచుకుంటాయి, కంప్యూటర్ లేచేది దాని నుంచే. ఒకే వాకిలి ఉన్న ఇంట్లో రెండు కాపురాల వంటిది. మామూలు రోజుల్లో ఇబ్బంది ఉండదు, ఒకరు గుమ్మానికి మరమ్మతు మొదలుపెడితే ఇద్దరికీ దారి ఆగుతుంది. రెండు వేర్వేరు డిస్కుల్లో వేసి, దేని ఈఎఫ్‌ఐ పార్టిషన్ దానికి ఉంచితే ఆ చిక్కు ఉండదు. ఒక డిస్కు చెడిపోయినా రెండోది లేస్తుంది. ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ మీట నొక్కి ఏ డిస్కో ఎంచుకుంటే చాలు. డెల్, లెనోవో, ఏసర్‌లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్.

కాబట్టి ముందు మీ ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ బిగించే రెండో ఎం.2 స్లాటు ఉందేమో చూడండి. మోడల్ నంబరుతో కంపెనీ సర్వీస్ మాన్యువల్ వెతికితే తెలుస్తుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఉంటుంది, పలుచని మోడళ్లలో తరచుగా ఉండదు. కొన్నేళ్ల కిందటి వాటిలో 2.5 అంగుళాల హార్డ్‌డిస్కుతో పాటు ఒక ఎం.2 స్లాటు ఖాళీగా ఉండడం కద్దు. వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్ అయితే మూత తెరిచే ముందు సర్వీస్ సెంటర్‌ను అడిగి తెలుసుకోండి.

స్లాటు లేకపోతే యూఎస్‌బీ 3 ద్వారా తగిలించే బయటి ఎస్‌ఎస్‌డీ ఉంది. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు, నాకు మాత్రం ఇష్టమైన దారి. లోపలి డిస్కును ముట్టుకోనక్కర్లేదు. వద్దనుకున్న రోజు తీగ పీకేస్తే చాలు. హాస్టల్‌లో ఒక యంత్రం మీదా, ఇంట్లో ఇంకో యంత్రం మీదా అదే లినక్స్‌ను లేపుకోవచ్చు. పని మధ్యలో తీగ కదిలితే ఓఎస్ అక్కడికక్కడే ఆగిపోతుందన్నది దీని బలహీనత. ఒళ్లో పెట్టుకుని వాడేవారికి నప్పదు. మామూలు పెన్‌డ్రైవ్‌లో మాత్రం పూర్తి ఇన్‌స్టాలేషన్ చేయవద్దు. నెమ్మదిగా ఉంటుంది, నిరంతర రాతలకు త్వరగా అరిగిపోతుంది. ఒక హెచ్చరిక: బయటి డిస్కులో వేసినా, ఉబుంటు ఇన్‌స్టాలర్ ఒక్కోసారి ఓఎస్‌ను లేపే బూట్‌లోడర్‌ను తీసుకెళ్లి లోపలి డిస్కు ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో పెడుతుంది. అప్పుడు ఆ డిస్కును ఇంకో యంత్రానికి తగిలిస్తే లినక్స్ లేవకపోవచ్చు, తీగ పీకేస్తే ఈ యంత్రంలో విండోస్ లేవడానికి కూడా బూట్ మెనూ అవసరం కావచ్చు. బయోస్‌లో లోపలి డిస్కును తాత్కాలికంగా ఆపే వీలుంటే ఆపి వేయండి.

రెండూ కుదరక ఒకే డిస్కులో వేయాల్సి వస్తే ఎంత స్థలం ఇవ్వాలి? 512 జీబీ అని కొన్న ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో సుమారు 476 జీబీగా కనిపిస్తుంది. లెక్కించే పద్ధతిలో తేడా అది, షాపువారు ఏమీ తగ్గించలేదు. ఉబుంటుకు కనీసం 25 జీబీ అంటారు గానీ ఆ లెక్కతో మొదలుపెడితే నెలలోపే నిండుతుంది. డాకర్ ఇమేజ్‌లు, కుడా, డేటాసెట్లు అడిగే స్థలం చాలా ఎక్కువ. నా సలహా వంద జీబీ, మెషీన్ లెర్నింగ్ అయితే నూటయాభై. అంత ఇవ్వలేని 256 జీబీ ల్యాప్‌టాప్‌లో ఒకే డిస్కు డ్యూయల్ బూట్ ఆలోచనే మానుకోండి. రెండు ఓఎస్‌లకూ చోటు చాలక రెండూ ఇబ్బంది పెడతాయి.

షాపు లెక్కలు, ప్రెస్సు పనులు చేసేవారికి

విద్యార్థుల సంగతి వేరు. విజయవాడ వన్‌టౌన్ టోకు వ్యాపారి దగ్గరో, గుంటూరు మిర్చి యార్డు కమిషన్ కొట్లోనో లెక్కలు రాసేవారి ల్యాప్‌టాప్‌లో డ్యూయల్ బూట్‌ను నేను గట్టిగా వద్దంటాను. టాలీప్రైమ్ విండోస్ మీదే నడుస్తుంది. జీఎస్టీ రిటర్నుల గడువు ముందు రోజు బూట్ మెనూ మొరాయిస్తే కలిగే నష్టం ముందు లినక్స్ నేర్చుకున్న ఆనందం ఏ మూలకూ చాలదు. వైన్ వంటి సాధనాలతో విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడపొచ్చని ఎవరైనా చెబితే, ఆటకు ప్రయత్నించండి, ఖాతా పుస్తకాలతో కాదు. ఆ యంత్రం విండోస్‌కే ఉండాలి. ఆసక్తి ఉంటే ఇంట్లోని వేరే యంత్రంలో లినక్స్ వేసుకోండి.

తెలుగు డీటీపీ వారి కథ కొంచెం భిన్నం. బెజవాడ పుస్తక ప్రచురణకు పేరున్న ఊరు. ఇక్కడి ప్రెస్సుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు కుప్పలుగా ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. పాత ఫైళ్లు తెరవాల్సినంత కాలం విండోస్ వదలడానికి వీల్లేదు. అయితే ఆ విండోస్‌ను వర్చువల్ మెషీన్‌లో పెట్టి, ఇంటర్నెట్ తీసేసి, బయట లినక్స్ వాడుకునే ఏర్పాటు ప్రయత్నించదగ్గదే. మీ ఫాంట్లు, కీబోర్డు లోపల సరిగా పలుకుతున్నాయో నాలుగు పాత ఫైళ్లతో సరిచూసుకున్నాకే ముందుకు వెళ్లండి. కొత్తగా యూనికోడ్‌లో పని చేసేవారికి లినక్స్‌లో ఏ లోటూ లేదు. ఐబస్ అనే టైపింగ్ సాధనం ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన కీబోర్డులు పెట్టుకోవచ్చు. మండలి, గిడుగు, రామభద్ర, సూరన్న వంటి ఉచిత ఫాంట్లు చక్కగా కనిపిస్తాయి.

విండోస్ 10 దగ్గర ఆగిపోయిన పాత ల్యాప్‌టాప్

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. గృహ వినియోగదారులు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు పొందే ఏర్పాటు ఉంది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయి ఉండాలి. అంతకు ముందువి బీరువా పైకి చేరుతున్నాయి. వాటిలో "విండోస్ 10 ఉంచి పక్కన లినక్స్" అని అడిగేవారికి నా జవాబు: పక్కన వద్దు, లినక్స్ ఒక్కటే వేయండి. అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్‌ను బ్యాంకు పనులకు వాడనప్పుడు దాన్ని మోయడం ఎందుకు? హార్డ్‌డిస్కు ఉంటే ముందు చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఓఎస్ ఏదైనా ఆ ఒక్క మార్పుతోనే ప్రాణం లేచి వస్తుంది. నాలుగు జీబీ ర్యామ్ అయితే లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు యూట్యూబ్ చూడడానికి, పిల్లలు పాఠాలు చదవడానికి అది హాయిగా నడుస్తుంది.

ఏ లినక్స్ అన్న చర్చ రాత్రంతా సాగదీసేవారున్నారు. నా వరకు చిన్న మాట. కాలేజీ పనికైతే ఉబుంటు ఎల్‌టీఎస్, అంటే దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్. ఏ ఇబ్బంది వచ్చినా వెతికితే జవాబు దొరుకుతుంది, 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04కు ఐదేళ్ల మామూలు మద్దతు ఉంది. విండోస్ అలవాటు చేతిలో ఉన్నవారికి మింట్. ఫెడోరా బాగుంటుంది గానీ ఆరు నెలలకో కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కో వెర్షన్‌కు మద్దతు పదమూడు నెలలకు అటూ ఇటూగా ముగుస్తుంది. తరచుగా మార్చే ఓపిక ఉన్నవారికే అది.

డిస్కును ముట్టుకునే ముందు

ఇక్కడ నెమ్మదిగా చదవండి. డ్యూయల్ బూట్‌లో డేటా పోగొట్టుకునేవారు ఎక్కువగా దారి తప్పేది ఈ దశలోనే.

మొదట బిట్‌లాకర్, అంటే డిస్కుకు విండోస్ వేసే తాళం. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ చాలాసార్లు మీకు తెలియకుండానే ఆన్‌లో ఉంటుంది. నమ్మకం లేని బూట్‌లోడర్లను ఆపే సెక్యూర్ బూట్‌నో, బూట్ వరుసనో మార్చగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు, ఏ షాపువారూ తీసివ్వలేరు. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఎవరి ఖాతా అన్నదే ప్రశ్న. కొన్న రోజున షాపులో కుర్రాడు తన ఈమెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చి ఉండవచ్చు. కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో లాగిన్ అయి ఉంటే కీ ఆ కాలేజీ ఖాతాలోకి వెళ్లి ఉండవచ్చు, చదువు అయ్యాక ఆ ఖాతా మూతపడుతుంది. ఇవాళే చూసుకుని, కీని కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. డ్యూయల్ బూట్ పెట్టుకోని వారికి కూడా ఇది చెబుతున్నాను. పెట్టుకునేవారు ఇన్‌స్టాలేషన్‌కు ముందు ఎన్‌క్రిప్షన్‌ను ఆపి, పూర్తిగా డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగండి.

బ్యాకప్ సంగతి వేరే చెప్పాలా? ఫోటోలు, ప్రాజెక్టులు, ధ్రువపత్రాల స్కాన్లు ల్యాప్‌టాప్ బయట ఒక డిస్కులోకి చేరనిదే తర్వాతి అడుగు వేయవద్దు.

తర్వాత ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే విండోస్‌లో షట్‌డౌన్ కొట్టినా యంత్రం పూర్తిగా ఆగదు, కొంత స్థితిని డిస్కులో దాచుకుని నిద్రపోతుంది. ఆ సమయంలో లినక్స్ వైపు నుంచి సీ డ్రైవ్‌లో రాస్తే ఫైళ్లు చెడే ప్రమాదం ఉంది కాబట్టి లినక్స్ దాన్ని చదవడానికే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు. పవర్ ఆప్షన్లలోకి వెళ్లి ఆపేయండి.

డిస్కులో స్థలం విడదీయడం విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే చేయండి. ఖాళీ రెండు వందల జీబీ ఉన్నా నలభైకి మించి కుదించనివ్వదని కంగారుపడేవారుంటారు. కదలని సిస్టమ్ ఫైళ్లు మధ్యలో ఉండడం దానికి కారణం. హైబర్నేషన్, పేజ్ ఫైలు తాత్కాలికంగా ఆపి మళ్లీ ప్రయత్నిస్తే సాధారణంగా దారి దొరుకుతుంది.

ఇన్‌స్టాల్ చేయడానికి పెన్‌డ్రైవ్ ఎనిమిది జీబీది చాలు. రూఫస్ లేదా వెంటాయ్ అనే సాధనంతో దాన్ని తయారు చేసుకుని, ముందు ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే ఉబుంటును లేపి అరగంట వాడి చూడండి. వైఫై దొరుకుతోందా, శబ్దం వస్తోందా, వెలుతురు తగ్గుతోందా, మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా? కొన్ని వైఫై కార్డులకు లినక్స్ డ్రైవర్లు సరిగా ఉండవు. ఆ సంగతి ఇన్‌స్టాల్ చేశాక కంటే ముందే తెలియడం మేలు. ఇన్‌స్టాలర్‌కు లోపలి డిస్కే కనిపించకపోతే బయోస్‌లో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే డిస్కు పద్ధతి ఆన్‌లో ఉందేమో చూడండి. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చాలి. నేరుగా మారిస్తే విండోస్ నీలి తెర చూపి ఆగిపోతుంది. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, బయోస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేపి, ఆ తర్వాత మామూలు స్థితికి తీసుకురావాలి.

వరుస ఎప్పుడూ విండోస్ ముందు, లినక్స్ తర్వాత. లినక్స్‌తో వచ్చే గ్రబ్ అనే బూట్ మెనూ విండోస్‌ను గుర్తించి చూపిస్తుంది, విండోస్ ఇన్‌స్టాలర్ మాత్రం లినక్స్‌ను లెక్కచేయదు.

షాపులో వేయించాలా, మనమే వేసుకోవాలా? లినక్స్ నేర్చుకోవాలని వేసుకునేవారు తమ చేతులతోనే వేసుకోవాలి. ఆ గంటలో పార్టిషన్ల గురించి తెలిసేది ఏ పాఠంలోనూ అంతగా ఒంటబట్టదు. భయమైతే తెలిసిన సీనియర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. షాపుకే ఇవ్వాల్సి వస్తే మూడు మాటలు ముందే చెప్పండి: డిస్కు మొత్తం ఫార్మాట్ చేయవద్దు, విండోస్ మళ్లీ వేయవలసి వస్తే ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఎడిషనే వేయాలి, క్రాక్ చేసిన విండోస్ వద్దు. కంపెనీ విండోస్‌తో వచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లలో లైసెన్సు కీ బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ మళ్లీ వేసి ఇంటర్నెట్‌కు కలిపితే తనంతట తానే ఆక్టివేట్ అవుతుంది. దానికి విడిగా డబ్బు కట్టాల్సిన పనిలేదు.

వేశాక ఎదురయ్యేవి

లినక్స్ వాడి విండోస్‌లోకి రాగానే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తుంది. బ్యాటరీ పోయిందని కొందరు షాపుకు పరుగెత్తుతారు. లినక్స్ యంత్రంలోని గడియారాన్ని యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. మన కాలమానానికీ యూటీసీకీ ఉన్న తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. లినక్స్‌లో స్థానిక సమయం వాడమని ఒక్క ఆదేశం ఇస్తే సరిపోతుంది.

ఎన్విడియా ల్యాప్‌టాప్‌లలో డ్రైవర్ వేశాక మోడ్‌ను ఆన్‌డిమాండ్‌లో పెట్టండి. లేకపోతే ఆ కార్డు ఎప్పుడూ మేలుకునే ఉండి బ్యాటరీని తాగేస్తుంది. మే నెల బెజవాడ ఎండల్లో, నలభై దాటిన వేడిలో ఫ్యాను మోత వినలేరు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డు పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో వచ్చే నీలి తెరలో అదే ఇవ్వాలి. కంగారుపడి దాటేస్తే డ్రైవర్ పనిచేయదు.

విండోస్ అప్‌డేట్లు ఒక్కోసారి బూట్ వరుసను మార్చి తమను ముందుకు తెచ్చుకుంటాయి. లినక్స్ పోయిందని అనుకోవద్దు, బూట్ మెనూలో పేరు ఉంటుంది, బయోస్‌లో వరుస సరిచేస్తే చాలు. 2024 ఆగస్టులో జరిగింది మాత్రం అంతకంటే పెద్దది. పాత బూట్‌లోడర్లను సెక్యూర్ బూట్ తిరస్కరించేలా చేసిన ఒక విండోస్ అప్‌డేట్, డ్యూయల్ బూట్ యంత్రాలకు వర్తించకూడదని తలపెట్టినా కొన్నింటికి వర్తించింది, వాటిలో లినక్స్ లేవలేదు. అందుకే లినక్స్‌ను కూడా ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తూ ఉండండి. ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌ను చెరిపేయకుండా సొరుగులో ఉంచండి, మరమ్మతుకు మొదట అక్కరకొచ్చేది అదే.

రెండు వైపులా వాడే ఫైళ్లను విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌లో పెట్టుకోవాలి. లినక్స్ దాన్ని చదువుతుంది, రాస్తుంది. విండోస్‌కు మాత్రం లినక్స్ ఎక్స్‌ట్4 పార్టిషన్ అర్థం కాదు. దాన్ని చూడగానే ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే వద్దనండి. కోడ్ ప్రాజెక్టులను మాత్రం లినక్స్ పార్టిషన్‌లోనే ఉంచండి, ఫైళ్ల అనుమతుల చిక్కులు రావు.

ఏడాది తర్వాత లినక్స్ తీసేయాలనిపిస్తే నేరుగా పార్టిషన్ చెరిపేయకండి. గ్రబ్ తాలూకు ఫైళ్లు దానితోపాటు పోయి, ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే నల్ల తెర మీద ఆగిపోతుంది. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి స్థానానికి తెచ్చి, ఒకసారి రీస్టార్ట్ చేసి విండోస్ నేరుగా లేస్తోందని చూసుకోండి. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్లు మాత్రం తీసి, ఆ ఖాళీని సీ డ్రైవ్‌కు కలుపుకోండి. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఉబుంటు పేరుతో చిన్న ఫోల్డర్ మిగిలి ఉంటుంది. దాని వల్ల నష్టం లేదు. ఆ పార్టిషన్ జోలికి మాత్రం వెళ్లకండి, విండోస్ లేచేదీ దాని నుంచే.